ఇల్లు మారబోతున్నారా?



విజయవాడ అద్దెలు భరించలేక తాడేపల్లికి వెళ్లాలా, మంగళగిరికి వెళ్లాలా అని ఆలోచిస్తున్నారా? ఈ రెండు ఊళ్లు 2021లో ఒకే నగరపాలక సంస్థ అయ్యాయి. కనుక ఊరి పేరు కాదు, వీధిని చూడండి.

తాగునీరు ఎక్కడిది? మురుగు నిలుస్తుందా? 2024 సెప్టెంబరు వరదల్లో ఇంట్లోకి నీళ్లొచ్చాయా? ఇరుగుపొరుగును అడగండి. అర్ధరాత్రి బిడ్డకు ఆయాసం వస్తే ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందో వెళ్లి చూసుకోండి.

టీకాల కార్డును సామానులో కట్టేయకండి, చేతిలో ఉంచుకోండి. చేరిన వారంలోనే ఆశా కార్యకర్తను కలిసి పసిపిల్లల, గర్భిణుల పేర్లు రాయించండి. టీకా ఆలస్యమైనా మానకండి. వేసినవి మళ్లీ మొదటినుండి వేయించనక్కరలేదు. బి.పి., షుగరు మాత్రలు నెలకు సరిపడా దగ్గర పెట్టుకోండి.

ప్రభువు మీ కొత్త ఇంటిని దీవించును గాక.