శిలాజశాలలో గాలి ఉలి: దాని ఆలనాపాలనా



కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో 2011లో గని తవ్వుతుంటే కవచం ఉన్న డైనోసార్ శిలాజమొకటి బయటపడింది. దాన్ని పట్టుకున్న రాయిని వదిలించడానికి రాయల్ టిరెల్ మ్యూజియం టెక్నీషియన్ మార్క్ మిచెల్‌కు దాదాపు 7,000 గంటలు పట్టింది. ఐదేళ్లకు పైబడిన శ్రమ అది. 2017లో శాస్త్రవేత్తలు ఆ జంతువుకు బోరియలోపెల్టా మార్క్‌మిచెల్లి అని పేరు పెట్టారు. రాయి ఒలిచిన మనిషికి ఇంతటి గౌరవం అరుదు, న్యాయం కూడా.

ఇలాంటి పనికి ప్రపంచమంతటా వాడే ముఖ్య సాధనం గాలి ఉలి, అంటే ఎయిర్ స్క్రైబ్. పెన్నులా పట్టుకునే ఈ గొట్టంలోకి కంప్రెసర్ నుంచి గాలి వస్తుంది. ఆ గాలికి లోపలి పిస్టన్ ముందుకూ వెనక్కూ ఆడుతూ టంగ్‌స్టన్ కార్బైడ్ సూదిని నిమిషానికి వేలసార్లు కొడుతుంది. గట్టిదనాన్ని కొలిచే మోహ్స్ పట్టికలో ఎముక శిలాజంలోని అపటైట్ ఖనిజానిది 5, ఇసుకరాయిలోని క్వార్ట్జ్‌ది 7, కార్బైడ్‌ది 9కి దగ్గర. ఆ సూదికి రాయీ, ఎముకా రెండూ లోకువే. కాబట్టి పనిముట్టు చేతికి లొంగి ఉండాలి. పిస్టన్ తడబడినా, మొన అరిగినా పనివాడు తెలియకుండానే గట్టిగా నొక్కుతాడు. అప్పుడు అదురు ఎముకలోకి దిగి, సన్నని పగుళ్లు పెద్దవవుతాయి.

ఈ పనిముట్లకు మొదటి శత్రువు నీళ్లు. 90 పీఎస్ఐ ఒత్తిడి దగ్గర గాలి సుమారు ఏడో వంతుకు కుదించుకుపోతుంది. అందులోని తేమకు చోటు చాలదు. కంప్రెసర్ ట్యాంకు చల్లబడగానే అది నీరై అడుగుకు చేరుతుంది. శ్రావణ భాద్రపదాల ముసురులో ఇది మరీ ఎక్కువ. ఆ నీరు పైపులో సాగి వస్తే పిస్టన్‌కు తుప్పు, తుప్పు పొడికి రాతిధూళి తోడైతే ముద్ద. పని ముగిశాక ట్యాంకు అడుగు వాల్వు తిప్పి నీళ్లు వదలాలి. పనిబల్లకు దగ్గరలో ఫిల్టరు, రెగ్యులేటరు ఉండాలి. వీలైతే గాలిని ఆరబెట్టే డ్రయ్యర్ కూడా పెట్టాలి. ఖర్చు ఎక్కువైనా, పాడైన శిలాజాన్ని తిరిగి కొనలేం కదా!

నూనె సంగతి ఇంకా సున్నితం. కొన్ని స్క్రైబ్‌లకు రోజూ ఒకటి రెండు చుక్కల పల్చని నూనె కావాలి, కొన్నింటికి అంత అక్కర్లేదు. తయారీదారు ఇచ్చిన పుస్తకం ఏం చెబితే అదే పాటించాలి. ఎక్కువ పోస్తే అది గాలితో పాటు తుంపరగా బయటికొచ్చి శిలాజం మీద పడుతుంది. మరక సరే, ఆ తర్వాత పూసే జిగురు అక్కడ పట్టదు. నూనె వేశాక ముందు పాత గుడ్డ మీద కాసేపు నడిపించి, ఆ తర్వాతే శిలాజం దగ్గరికి తీసుకెళ్లాలి.

శిలాజశాల బల్ల మీద అసిటోన్ ఎప్పుడూ ఉంటుంది, జిగురు కరిగించడానికి. మురికిపట్టిన స్క్రైబ్‌ను అందులో ముంచాలనిపిస్తుంది. ముంచితే లోపల గాలి లీకవకుండా ఆపే నైట్రైల్ రబ్బరు ఓ-రింగులు ఉబ్బిపోతాయి. గాలి లీకవుతోందని అనుమానం వస్తే అతుకుల దగ్గర సబ్బునీళ్లు రాసి చూస్తే చాలు, బుడగలే చోటు చూపిస్తాయి.

సూది మొద్దుబారితే సాన పట్టాలి. మామూలు సానరాయి కార్బైడ్‌కు పనికిరాదు, వజ్రపు పొడి పొదిగిన చక్రం కావాలి. సూదిని వేళ్ల మధ్య సమంగా తిప్పుతూ పట్టకపోతే మొన నడిమధ్యన నిలవదు. వేడెక్కిన సూదిని నీళ్లలో ముంచితే పగుళ్లిస్తుంది. సాన పట్టేటప్పుడు సూది నుంచి రాలే పొడిలో కోబాల్ట్ ఉంటుంది, ఊపిరితిత్తులకు హాని. రాతిలోని సిలికా ధూళి సంగతి సరేసరి. అందుకే ధూళిని లాగేసే గొట్టం, మాస్కు, చెవులకు రక్షణ తప్పనిసరి. అదురు ఏళ్ల తరబడి వేళ్లకు తగిలితే రక్తప్రసరణ దెబ్బతిని అవి తెల్లబడి తిమ్మిరెక్కుతాయి. పాడైన పనిముట్టు అదురు మరీ ఎక్కువ.

మన దగ్గరా శిలాజాలకు కొదవలేదు. ప్రాణహిత-గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అనే డైనోసార్‌కు 1988లో పి. యాదగిరి నామకరణం చేశారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. ఇలాంటి సంపద చేతిలో ఉన్న సంస్థల పెద్దలకు ఒక విన్నపం. కొత్త తవ్వకానికి డబ్బు అడిగేటప్పుడు ఓ-రింగులకూ, సూదులకూ, గాలి డ్రయ్యర్‌కూ కూడా అడగండి. ఒక్కో స్క్రైబ్‌కు ఒక్కో నోటుపుస్తకం పెట్టించి, ఎప్పుడు నూనె వేశారో, ఎప్పుడు సాన పట్టారో రాయించండి.