వంటయింటి తూము

గ్రామపెద్దలారా!

పురాణమో వ్యాకరణమో చెప్పవలసిన వృద్ధోపాధ్యాయుడు వంటయింటి తూమును గూర్చి ప్రసంగించుట యేమని మీకు దోపవచ్చును. ముప్పది యేండ్లకు పైగా బాలురకు శౌచమును గూర్చి బోధించితిని. కాని, నేను చేతులు కడిగిన నీరు ఎచటికి పోవునో ఒక్కనాడైనను విచారింపనైతిని. ఆ విచారము నాకు అరువదియేండ్లు దాటిన పిదప కలిగినది.

నేను సికింద్రాబాదులో కుమారుని యింట నివసించుచున్నాను. ఒక యుగాదినాడు బంధువులు వచ్చిరి. పులిహోర, గారెలు, బొబ్బట్లు అన్నియు నయ్యెను. మధ్యాహ్నమునకు అంట్లు తోము సింకులో నీరు కదలక నిలిచి, నూనె తెట్టు పైకి తేలెను. పండుగనాడగుటచే పనివాడు దొరకలేదు. మా కోడలు కొంగు బిగించి క్రింద కూర్చుండబోగా, "వద్దమ్మా, ఆ మురికి మనము ముట్టరాదు. రేపు ఎవనినైన పిలుతము" అంటిని.

"మామయ్యగారూ, అందున్నది మనము తిన్న యన్నమే కదా! మన యెంగిలి మనకే ముట్టరానిదైనచో, రేపు వచ్చువానికి మాత్రము ముట్టదగిన దెట్లగును?" అని యామె యడిగెను.

శాస్త్రములు చదివిన నాకు ప్రత్యుత్తరము తోచలేదు. ఉత్తరీయము తీసి కొక్కెమునకు తగిలించి, నేనే క్రింద కూర్చుంటిని.

సింకు క్రింది గొట్టము తిన్నగా పోదు. కొడవలివలె వంగి మరల పైకి లేచును. ఆ వంపులో ఎప్పుడును కొంత నీరు నిలిచి, మోరీలోని దుర్గంధమును ఇంటిలోనికి రానీయదు. 1775లో అలెగ్జాండరు కమ్మింగు అను గడియారముల నిర్మాత లండనులో మరుగుదొడ్డికి ఇట్టి వంపు గొట్టమును కూర్చి పేటెంటు పొందెను. అయితే, మేలు చేయు నా వంపే మడ్డి చేరుటకును తావు. వేడిగా నున్నప్పుడు నూనె నీటితో జారిపోయినట్లే కనబడును; చల్లారినంతనే పేరుకొని గొట్టమునకు అంటుకొనును. దానిపై మెతుకులు, చింతపండు పిప్పి, పీచు పడి గారవలె బిగియును.

మొదట నిలిచిన నీటిని చెంబుతో తోడివేసితిని. కఱ్ఱపిడిగల రబ్బరు గిన్నెను రంధ్రముపై బోర్లించి పలుమారు నొక్కి లాగితిని. కదలలేదు. అంతట వంపు క్రింద బకెట్టు పెట్టి, రెండువైపుల మరలు చేతితో త్రిప్పి వంపును ఊడదీసితిని. గుడ్డ చుట్టిన వెదురుబద్దతో లోపల తోమగా గుప్పెడు మడ్డి వెలువడెను. అందు సగము కాఫీపొడి పిప్పియే. ప్రతి యుదయము ఫిల్టరు కడిగి ఆ పిప్పిని సింకులో పోయువాడను నేనే! అడ్డు పెట్టినవాడనే తీయుటకు వేఱొకని వెదకితినన్నమాట. వంపును మరల బిగించి, గోరువెచ్చని నీటిలో బట్టల సోడా కలిపి పోసితిని. ప్లాస్టిక్ గొట్టములలో సలసల కాగు నీరు పోయరాదు. అవి మెత్తబడి వంగును.

ఒక హెచ్చరిక. బజారులో దొరకు కాస్టిక్ సోడా చేతిని, కంటిని కాల్చును. అది పోసిన గొట్టమును విప్పుట అపాయము. ఆమ్లమును బ్లీచింగు పొడిని కలిపినచో విషవాయువు పుట్టును, ఎన్నడును కలుపరాదు.

ఇంటి గొట్టము దాటిన జిడ్డు మాయమగునా? కాదు, వీధి మోరీలో పేరుకొనును. 2017లో లండనులోని వైట్‌చాపెల్ మోరీలో 250 మీటర్ల పొడవున, 130 టన్నుల బరువున క్రొవ్వుగడ్డ బయల్పడినది. మన పట్టణములలో అట్టి యడ్డు తీయుటకు మనుష్యులను నూతులలోనికి దింపిరి. లోని విషవాయువులు ఒక్క గుక్కలో ప్రాణము తీయును. ముందు దిగినవానిని రక్షింపబోయినవాడును కూలును. కోలారు బంగారుగనులలోని తెలుగు కుటుంబమున జన్మించిన బెజవాడ విల్సను ఈ దురాచారముపై పోరాడి 2016లో మెగసెసే పురస్కారము పొందెను. 2013 నాటి శాసనము రక్షణ సాధనములు లేక మోరీలోనికిగాని, సెప్టిక్ ట్యాంకులోనికిగాని మనుష్యుని దింపుటను నేరముగా విధించినది. అట్లు మరణించినవాని కుటుంబమునకు 30 లక్షల రూపాయలు చెల్లింపవలెనని 2023లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ధనము ప్రాణమును తేజాలదు. మీ యూళ్ళలోను సెప్టిక్ ట్యాంకులు వెలసినవి గనుక ఈ మాట పెద్దలైన మీకు విన్నవించుచున్నాను. ట్యాంకు నిండినచో యంత్రమును పిలిపింపుడు; మనిషిని దింపనీయకుడు.

మన పూర్వులు బియ్యము కడిగిన నీటిని, గంజిని కుడితి తొట్టిలో పోసిరి. అంట్లను బూడిదతో తోమిరి. ఆ నీటిని అరటిపాదునకు మళ్ళించిరి. నేడు ఇంటింట కుళాయి వచ్చినది, పశువు తగ్గినది, పెరడు కుదించుకొనినది; నీరు వీధిలో నిలుచుచున్నది. ఈ సికింద్రాబాదుననే 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డు రాసు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. మలేరియా దోమకు తేటనీరు మేలు. బోదకాలు వ్యాపింపజేయు దోమయో మురుగునీటనే వృద్ధి పొందును. కావున అరటిపాదు లేని యింట ఇంకుడుగుంత త్రవ్వి రాళ్ళతో నింపుడు. త్రాగునీటి బావికి దూరముగా నుంచుడు. జిడ్డు గుంతకు చేరకుండ ముందొక చిన్న తొట్టిని కట్టి, అప్పుడప్పుడు దానిని శుభ్రపరచుడు. జిడ్డు పాత్రను కడుగుటకు ముందు కాగితముతోనో బూడిదతోనో తుడువుడు.

ఇప్పుడు మా యింట కాఫీ పిప్పి పూలమొక్కల మట్టిలో కలియుచున్నది. శనివారము సాయంకాలము తూము చూచుట నా వంతు. ఆ పని చేసి చేతులు కడుగుకొనునప్పుడు, నేను బడిలో చెప్పిన శౌచపాఠమున సగమే చెప్పితినని తలంచుచుందును. మిగిలిన సగమును నేడు మీకు విన్నవించితిని. సెలవు.