వెల హెచ్చిన ధ్వని హెచ్చునా?



మన పిల్లలకు ఇంటి వెలుపల తెలుగు వినబడుట అరుదు. అందుచే ధ్వనిముద్రికలు వినిపించుటకు ఒక శ్రవణశాల నేర్పరచుచున్నాము. దానికి మిక్కిలి ఖరీదైన డిజిటల్ కన్వర్టరునే కొనవలెనని కొందరు పెద్దలు కోరిరి.

ఆ యంత్రము చేయు పని యొక్కటే: అంకెలుగా దాచిన ధ్వనిని తిరిగి విద్యుత్తరంగముగా మార్చుట. 1982లో వెలువడిన కాంపాక్ట్ డిస్కు ధ్వనిని సెకనుకు 44,100 మారులు కొలుచును. సెకనుకు 20,000 కంపనములకు మించి వినజాలని మన చెవికి ఆ కొలత చాలును. చక్కగా నిర్మించిన చౌక కన్వర్టరులును నేడీ పనిని నిర్వహించుచున్నవి.

2007లో మేయర్, మోరాన్ అనువారు తమ పరీక్షాఫలితములను ప్రకటించిరి. ఉన్నతప్రమాణపు ధ్వనిని నేరుగాను, సీడీ ప్రమాణమునకు మార్చియు, ఏది యేదో చెప్పక వినిపించిరి. 554 మారులలో శ్రోతలు 276 మారులే సరిగా చెప్పిరి. నాణెమెగురవేసినను అంతియే గదా!

మేమును రెండు కన్వర్టరులను తెరచాటున నుంచి వింటిమి. మొదట ఖరీదైనదే మధురముగా తోచెను. అది కొంచెము బిగ్గరగా పలుకుటయే కారణమని పిమ్మట తెలిసెను. రెండింటి ధ్వనిని సమము చేయగా, భేదము మాలో నెవ్వరును చెప్పజాలకపోయిరి.

కావున చౌకదానిని కొని, మిగిలిన ధనముతో మంచి స్పీకర్లును, తెలుగు పుస్తకములును కొనుటకు మీ సమ్మతి వేడుచున్నాము. స్పీకరు మారిన భేదము పసివాడును పట్టగలడు. ఇంట మీరు పిల్లలతో తెలుగున మాటలాడుట మాత్రము మానకుడు. ఆ లోటును ఏ యంత్రమును తీర్పజాలదు.