ఆడపిల్లల టెన్నిసు జట్టు: ఒక విజయ వత్సరము

(డుమస్ సముద్రతీరమున కార్తిక వనభోజనముల నాడు చేసిన ప్రసంగము)



వనభోజనముల నాడు ఉపన్యాసము పెట్టుట సభ్యులయెడ కొంత క్రౌర్యమే యని నేనెరుగుదును. ఒక ప్రక్క పులిహోరయు, గుత్తివంకాయ కూరయు సిద్ధముగా నున్నవి. ఇంకొక ప్రక్క దరియా గణేశుని దర్శించి వచ్చిన పిల్లలు టమాటో భజియాల దుకాణముల వైపు చూచుచున్నారు. డుమస్ వచ్చి ఆ భజియాలు తినకుండ మరలిపోరాదని సూరత్ వారి శాసనము. కావున మిమ్ములను ఎక్కువసేపు ఈ నల్లని ఇసుకలో కూర్చుండబెట్టను.

కార్యదర్శిగారు నాకిచ్చిన విషయము కార్తిక మాస మాహాత్మ్యము. దానిని నాకంటె చక్కగా చెప్పగల పెద్దలు ఈ సభయందే పలువురు గలరు. వారి అనుమతితో నేను టెన్నిసు ఆటను గూర్చి మాటలాడుదును. నవ్వకుడు, కారణము చెప్పెదను.

గడచిన దసరాకు మన సభ్యులలో నొకరి యింటికి పోయితిని. పేరు చెప్పను. వారి అమ్మాయి బి.కాం. రెండవ సంవత్సరము చదువుచు తన కళాశాల జట్టున టెన్నిసు ఆడుచున్నది. ఈ యేడు ఆ జట్టు ఆడిన ప్రతి పోటీలోను నెగ్గినది. ఆ సంగతి తండ్రి సంతోషముగా చెప్పుచుండగా తల్లి టీ కప్పులు బల్లపై పెట్టి, "అన్నయ్యగారూ, ఇది సానియా మీర్జా కాబోవునదా? కాదు గదా. వచ్చేది ఆఖరి సంవత్సరము. మాన్పించుట మంచిది కాదా? మీరే చెప్పండి" అని నన్నడిగినది. ముప్పదియైదేండ్లు ఫైళ్ల మీద "పరిశీలించవలెను" అని వ్రాసిన చేయి నాది. నోటికిని అదే అలవాటు. "చూతములే, చెల్లెమ్మా" అని తప్పించుకొని వచ్చితిని. ఆ పరిశీలన ఫలితమే నేటి ప్రసంగము. ఆ అమ్మాయి ఈ సభలోనే యున్నది. ఇప్పటికే నన్ను కోపముగా చూచుచున్నది.

ముందుగా సానియా మాట. ఆమె 1986లో బొంబాయిలో పుట్టి, హైదరాబాదున పెరిగి, అక్కడి సెయింట్ మేరీస్ కళాశాలలో చదివినది. 2005లో హైదరాబాదులోనే మహిళల ప్రపంచ వలయమునకు చెందిన సింగిల్సు పోటీలో గెలిచినది. అట్టి బిరుదము పొందిన మొదటి భారతీయ వనిత ఆమెయే. 2015లో మార్టినా హింగిస్‌తో కూడి వింబుల్డన్ మహిళల డబుల్సు గెలుచుకొనినది. 2023లో ఆట విరమించినది. ఇది మనకందరకు గర్వకారణమే. కాని దీనివలన మన యిండ్లలో ఒక చిక్కు వచ్చిపడినది. ఆడపిల్ల రాకెట్టు పట్టినదన్న, సానియా యగునా కాదా యను ప్రశ్న తప్ప మనకు వేరు ప్రశ్న తోచదు. మగపిల్లవాడు వీధిలో క్రికెట్టు ఆడిన, వీడు టెండూల్కరు కాకపోయిన మాన్పింతుమని ఎవ్వరైన అన్నారా?

2023 వేసవిలో నేనును మా యింటి ఆమెయు మా అబ్బాయి యింట, అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్రమందలి కేరీ పట్టణమున ఉంటిమి. ఆ ప్రాంతమున మనవారు మెండు. అక్కడి శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయమున నిలుచుంటే తెనాలిలో నున్నట్లే యుండును. ఒకనాడు ప్రసాదము తినుచుండగా ప్రక్కవారి మాటలలో "యార్లగడ్డ" అను పేరు వినబడెను. మన కృష్ణా తీరపు ఇంటిపేరు వినబడిన చోట తలయెత్తకుండ నుండుట నావల్ల కాదు. విచారింపగా చాపెల్ హిల్‌లోని ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయపు మహిళా టెన్నిసు జట్టు ఆ నెలలోనే దేశమంతటికిని విజేతయైనదనియు, ఆ జట్టున అనికా యార్లగడ్డ యను అమ్మాయి ఉన్నదనియు తెలిసినది. ఇల్లు చేరగానే మనుమని చేత కంప్యూటరు తెరిపించి వివరములన్నియు చదివించుకొంటిని.

ఆ వత్సరము ఆ జట్టు ఆడిన పోటీలు 36. గెలిచినవి 35. ఓడినది ఒక్కటి. చివరకు 64 జట్ల జాతీయ పోటీలో ఆరు ఘట్టములు దాటి, 2023 మే 20వ తేదీన ఫ్లోరిడాలోని ఆర్లాండో నగరమున తుదిపోటీలో 4-1 తేడాతో నెగ్గిరి. వారు ఓడించినది ఎవరిని? తమ పొరుగువారినే. రాలీ నగరమందలి ఉత్తర కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయమును. ఈ రెండు ఊళ్లకును నడుమ దూరము మన సూరత్ నుండి నవసారికి పోయినదానికంటె కొంచెమే ఎక్కువ. ఇరుగుపొరుగువారు తమ జగడము తీర్చుకొనుటకు వేయి కిలోమీటర్లకు దగ్గరగా ప్రయాణము చేయవలసి వచ్చినదన్న మాట. మన కేరీ తెలుగువారి పిల్లలు అటు కొందరు, ఇటు కొందరు చదువుచుందురు గనుక ఆ వారము కొన్ని యిండ్లలో భోజనముల బల్ల వద్ద మాటలు నిలిచిపోయినవని విని నవ్వుకొంటిమి.

విశ్వవిద్యాలయ చరిత్రలో మహిళల టెన్నిసు జట్టునకు అది మొదటి జాతీయ విజయము. శిక్షకులు బ్రయన్ కాల్బాస్ గారు 2003 నుండి అక్కడ పనిచేయుచుండిరి. 2014లో తుదిపోటీ వరకు వచ్చి లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము చేతిలో 4-3 తేడాతో, అనగా ఒక్క ఆట తేడాతో, ఓడిరి. ఇరువది యేండ్లు ఒక్క కప్పు కొరకు అదే మైదానమునకు ప్రతి ఉదయమును పోవుట మన ఆఫీసులలో ప్రమోషను కొరకు ఎదురుచూచినవారికే బోధపడవలెను.

ఇక ఆ ఆట జరుగు తీరు వినుడు. నేను చెప్పదలచినది అందులోనే యున్నది. టెన్నిసు ఒంటరి ఆట యని మన యెరుక. అక్కడి కళాశాలలలో అట్లు కాదు. ఒక పోటీకి ఏడు పాయింట్లు. ముందుగా మూడు డబుల్సు ఆటలు జరుగును. వానిలో రెండు గెలిచిన జట్టునకు ఒక పాయింటు. పిమ్మట ఆరు కోర్టులపై ఆరు సింగిల్సు ఆటలు ప్రక్కప్రక్కనే జరుగును. ఒక్కొక్క దానికి ఒక పాయింటు. ముందుగా నాలుగు పాయింట్లు చేరిన జట్టు నెగ్గును. మొదటి కోర్టుపై దేశప్రసిద్ధురాలు గెలిచినను ఒక్క పాయింటే, ఆరవ కోర్టుపై పేరు తెలియని పిల్ల గెలిచినను ఒక్క పాయింటే. తూకమున భేదము లేదు.

ఇంకొక విశేషము గలదు. నాలుగవ పాయింటు పడిన క్షణమున తక్కిన కోర్టులపై ఆటలు ఎక్కడివక్కడ నిలిచిపోవును. ఆర్లాండో తుదిపోటీ 4-1 అనగా మొత్తము ఐదు పాయింట్లు తేలినవి. రెండు సింగిల్సు ఆటలు ముగియలేదన్న మాట. ఆ ఇద్దరు పిల్లలు అంతసేపు ఎండలో పరుగెత్తినారు. వారి పేరిట గెలుపును లేదు, ఓటమియును లేదు. కాని వారు తమ కోర్టులను నిలుపుకొనుచుండగనే కదా తక్కినవారు గెలిచినది! కప్పు ఎత్తినపుడు ఆ ఇద్దరి చేతులును దానిపై నుండును.

ధనము మాట యెత్తకుండ ఆడపిల్లల ఆటను గూర్చి మాటలాడిన, మన తల్లులు ఒప్పుకొనరు. ఆ జట్టులో మొదటి వరుసకు చెందిన ఫియోనా క్రాలీ అదే యేడు ఆగస్టులో అమెరికా బహిరంగ పోటీలలో అర్హత ఘట్టములు మూడును దాటి ప్రధాన పోటీకి చేరినది. అందుకు లభింపవలసిన పారితోషికము సుమారు 81 వేల డాలర్లు. ఆమె ఆ ధనమును పుచ్చుకొనలేదు. పుచ్చుకొనినచో కళాశాల జట్టున ఆడు హక్కు పోవును. అది అప్పటి వారి క్రీడాసంఘపు నియమము. ఆమె మరల చాపెల్ హిల్ వచ్చి చదువును, జట్టును కొనసాగించినది. ఆమె సహచరి రీస్ బ్రాంట్‌మయర్ అట్లు ఊరకుండలేదు. 2021లో, కళాశాలలో చేరకముందు గెలిచిన 48 వేల డాలర్లకు పైబడిన సొమ్ములో అధికభాగమును ఆ నియమము వలన వదలుకొనవలసివచ్చెను. 2024 మార్చిలో ఆమె ఆ క్రీడాసంఘముపై న్యాయస్థానమునకెక్కినది. జట్టు కొరకు ధనము విడిచిన పిల్లయును, విడువవలసిన పని యేమని అడిగిన పిల్లయును ఒకే కప్పు క్రింద నిలిచినవారే. నా మట్టుకు నాకు ఇద్దరును నచ్చినారు. రెండవ ఆమెను కొంచెమెక్కువగా మెచ్చుకొందును. జీవితమంతయు టి.ఎ. బిల్లులకై పోరాడినవాడను గనుక.

అమెరికాలో సైతము ఈ భాగ్యము ఊరకే రాలేదు. బిల్లీ జీన్ కింగ్ 17 ఏండ్ల వయస్సున, 1961లో, వింబుల్డన్ డబుల్సు గెలిచి, లాస్ ఏంజెలెస్ స్టేట్ కళాశాలలో చేరినపుడు ఆమెకు ఆట పేరిట విద్యార్థివేతనము ఒక్క కాసైనను లేదు. ఆ నగరముననే మగపిల్లలకు లభించుచుండెను. 1972లో వచ్చిన ఒక చట్టము, ప్రభుత్వ ధనము పొందు విద్యాలయములలో స్త్రీపురుష భేదము పాటింపరాదని శాసించినది. చిత్రమేమన, ఆ వాక్యములో ఆటల ఊసే లేదు. అయినను దాని బలముననే ఆడపిల్లల జట్లు వెలసినవి. ఇటీవలి వరకు ఒక పెద్ద కళాశాల జట్టున మహిళలకు 8 పూర్తి విద్యార్థివేతనములు ఈయవచ్చును, పురుషులకు నాలుగున్నర మాత్రమే. ఈ ఒక్క అంకె వినగానే ఇక్కడి తండ్రులలో కొందరు నిటారుగా కూర్చుండుట చూచుచున్నాను.

మన దేశమున ఏమున్నదని అడుగుదురు. నేను ఉద్యోగకాలములో సగము ఎస్టాబ్లిష్‌మెంటు విభాగమున గడిపితిని గనుక ఒక్క సంగతి చెప్పగలను. కేంద్రప్రభుత్వ కార్యాలయములలో గ్రూపు సి నియామకములందు, ఏటి ఖాళీలలో 5 శాతమునకు మించకుండ, క్రీడాకారులను తీసికొనుటకు వీలు గలదు. అంతర్విశ్వవిద్యాలయ పోటీలలో తన విశ్వవిద్యాలయము పక్షమున ఆడినవారును అందుకు అర్హులే. ఆ పట్టికలో టెన్నిసు కలదు. కళాశాల జట్టున ఆడిన మాత్రమున చాలదు, విశ్వవిద్యాలయపు జట్టునకు ఎన్నిక కావలెను. యోగ్యతాపత్రము నిర్ణీతమైన ఫారముపై, నిర్ణీతాధికారి సంతకముతో నుండవలెను. ఈ ఫారము చేజారి ఉద్యోగము పోగొట్టుకొనిన పిల్లలను నేనెరుగుదును. కావున తల్లిదండ్రులు ప్రతి పోటీ ముగిసిన వారములోపలనే కాగితము చేతబట్టుకొనవలెను.

ఆ పట్టికలో బాల్ బ్యాడ్మింటన్ కూడ కలదు. ఆ మాట చదివినపుడెల్ల నాకు మా చెల్లెలు జ్ఞప్తికి వచ్చును. 1976లో అది హాస్టలులో నుండి చదువుకొనుచు కళాశాల జట్టున బాల్ బ్యాడ్మింటన్ ఆడెడిది. ఐదుగురి జట్టు, పసుపుపచ్చని ఊలుబంతి. ఆ యేడు వారు ఎదురులేక గెలిచిరి. విశ్వవిద్యాలయపు జట్టు ఎంపికకు దానికి పిలుపు వచ్చిన వారమే ఇంటికి పెండ్లివారు వచ్చుచున్నారని కబురు. ఉత్తరము వ్రాసినది మా నాన్నగారు. హాస్టలునకు పోయి తీసికొనివచ్చినది నేను. రైలులో అది ఒక్క మాటయు ఆడలేదు. సంచిలో నుండి రాకెట్టు పిడి బయటికి వచ్చి ప్రక్కవారికి తగులుచుండగా దానిని తీసి పైబల్లపై పెట్టితిని. దిగునపుడు రాకెట్టు అక్కడనే యుండిపోయినది. మేము మరచితిమో, అది కావలెనని విడిచినదో, ఇన్నేండ్లలో నేనడుగలేదు. ఆ సంబంధము కుదరలేదు కూడ. వేరొకటి మరుసటి యేడు కుదిరినది. చెల్లెలు నేడు మనుమలతో సుఖముగానే యున్నది. ఎప్పుడైన పిల్లలు బ్యాటు పట్టుకొని వాకిట ఆడుచుండిన, అది పని విడిచి గుమ్మములో నిలుచుండి చూచును.

చెల్లెమ్మా, నీవు దసరానాడు అడిగిన ప్రశ్నకు నేనాడు జవాబు చెప్పకపోవుటకు కారణమిదే. పరీక్షలు కష్టమే. సాయంకాలము రెండు గంటలు ఆటకు పోయిన లెక్కలు వెనుకబడుననుట నిజమే. బంతులు, తీగెలు, బూట్లు అన్నిటికిని ఖర్చే. ఇవన్నియు నీవు చెప్పినవే, నేను కాదనను. మాన్పించవద్దు. అమ్మాయి ఏ నంబరు కోర్టుపై ఆడుచున్నదని నిన్న ఫోనులో అడిగితిని. నాలుగవ స్థానమట. చాలును.

రేపు ఆదివారము ఉదయము ఆరు గంటలకు వారి జట్టు అభ్యాసమునకు పోవుచున్నది. బంతులు ఏరి అందించుటకు మనిషి లేడని విని, వాళ్ల నాన్నయు నేనును వచ్చెదమని మాట ఇచ్చితిమి. నా మోకాళ్ల సంగతి తెలిసినవారు నవ్వుచున్నారు. వంగలేనిచో గొడుగు వంకీతో లాగెదను. కార్యదర్శిగారు గడియారము చూపుచున్నారు, పులిహోర చల్లారినది. లేవుడు, విస్తళ్లు వేయుదము.