కొత్త పొర అతుక్కునేదాకా తోడుందాం



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నుంచి కంటి ఆపరేషన్‌కు హైదరాబాద్ వెళ్లే పేదలకు ఒకసారి సాయం చేసి, మన పని అయిపోయిందనుకుంటాం. కార్నియా మార్పిడిలో సగం అవసరం ఆపరేషన్ తర్వాతే వస్తుంది.

నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొరే కార్నియా. దాని లోపలి కణాలు నీటిని ఎప్పటికప్పుడు బయటకు తోడేస్తుంటాయి. కొందరిలో శుక్లాల ఆపరేషన్ తర్వాత, మరికొందరిలో వంశపారంపర్యంగా ఈ కణాలు దెబ్బతింటాయి. అప్పుడు కార్నియా ఉబ్బి చూపు మసకబారుతుంది. ఇలాంటివారికి ఆ లోపలి పొర ఒక్కటే మార్చే డీసెక్, డీమెక్ ఆపరేషన్లు వచ్చాయి. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో డబ్బు కట్టలేనివారికి ఉచిత వైద్యం ఉంది. కానీ వైద్యం ఉచితమైనా ప్రయాణం, బస ఉచితం కావు.

ఈ కొత్త పొరను పట్టి ఉంచేది కుట్లు కాదు, కంట్లో నింపిన గాలి బుడగ. బుడగ పైకి తేలి పొరను అదిమిపట్టాలంటే రోగి వెల్లకిలా పడుకోవాలి. ఎంతసేపు, ఎన్నాళ్లు అన్నది డాక్టరు చెబుతారు. ఆ సమయంలో సజ్దా చేయలేమని బాధపడనక్కర్లేదు. పడుకుని సైగలతో నమాజు చేసుకునే వెసులుబాటు రోగికి షరీఅత్ ఇచ్చింది. కంటికి నీళ్లు తగలకూడదంటే వుజూ ఎలా చేయాలో ఇమాము గారిని అడగాలి.

ఒక్కోసారి మొదటి రోజుల్లో, వారాల్లో పొర ఊడుతుంది. అంచున కొద్దిగా లేస్తే డాక్టర్లు గమనిస్తూ ఉంటారు. చాలాసార్లు అదే అతుక్కుంటుంది. ఎక్కువగా లేచినా, మధ్యలో ఊడినా మళ్లీ గాలి ఎక్కిస్తారు. దీన్నే రీబబ్లింగ్ అంటారు. ఆలస్యమైతే పొర ముడతలుపడి పాడైపోవచ్చు, మళ్లీ మార్పిడి చేయాల్సి రావచ్చు. అందుకే చూపు తగ్గినా, కన్ను ఎర్రబడినా, వెలుతురు చూడలేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. బుడగ ఉండగా తీవ్రమైన నొప్పి, వాంతులు వస్తే కంట్లో ఒత్తిడి పెరిగి ఉండవచ్చు, తెల్లవారేదాకా ఆగకూడదు.

కూలి పోతుందని, చార్జీలు లేవని రెండోసారి వెళ్లకుండా ఊరుకునే కుటుంబాలే మన బాధ్యత. మరణించిన ఒక మనిషి కన్ను దానమైతేనే ఆ పొర దొరుకుతుంది. అది బస్సు చార్జీల దగ్గర వృథా కాకూడదు. కాబట్టి ప్రతి రోగికీ ఆపరేషన్ సాయంతో పాటు తిరుగు ప్రయాణాలకు, ఆసుపత్రి దగ్గర కొన్నాళ్ల బసకు, తోడు వెళ్లే మనిషికి కూడా సొమ్ము కేటాయిద్దాం.

అల్లాహ్ మన సేవను స్వీకరించుగాక. ఆమీన్.