సూటియైన మాట

  



నికాహ్ సభలో ఖుత్బా చదువుతున్నప్పుడు మనలో ఎందరము శ్రద్ధగా విన్నాము? అరబీ అర్థం కాదు, వరుడు కంగారులో ఉంటాడు, అతిథుల మనసు దస్తర్‌ఖాన్ మీద ఉంటుంది. ఆ ఖుత్బాలో సాధారణంగా మూడు సూరాల నుండి ఆయతులు పఠిస్తారు: ఆలి ఇమ్రాన్ 102, నిసా 1, అహ్‌జాబ్ 70, 71. మూడింటిలోనూ తఖ్వా ఆదేశం ఉన్నది. చివరి దానిలో తఖ్వాతో పాటు సూటియైన మాట పలకవలసిందన్న ఆజ్ఞ ఉన్నది. అలా పలికేవారి ఆచరణను చక్కదిద్దుతాననీ, పాపాలను మన్నిస్తాననీ అల్లాహ్ వాగ్దానం చేశాడు. ఆ ఆయతులో వివాహ ప్రస్తావన లేదు. అయినా ఒక పురుషుడు, ఒక స్త్రీ కలిసి జీవితం ప్రారంభించే గడియలో వారికి వినిపించేది ఈ ఆజ్ఞనే.

మన బోయిగూడ టింబర్ డిపోలకు పేరు. టేకు దుంగ కొనవచ్చినవాడు దానిని తట్టి చూస్తాడు, పగులు కోసం వెదకుతాడు. పగులును దాచి అమ్మడం ద్రోహమని మనకెవరూ చెప్పనవసరం లేదు. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపలి తడిని బయటపెట్టి, ఆ వర్తకుణ్ణి మందలించిన సంగతి ఎన్నో జుమాలలో చెప్పుకున్నాము. మరి సంబంధాలు కుదుర్చుకొనేటప్పుడు ఆ హదీసు ఎక్కడికి పోతుంది? పదిహేను వేల జీతం ముప్పై వేలవుతుంది, ఉన్న జబ్బు లేకుండా పోతుంది. హజ్రత్ ఫాతిమా బిన్త్ ఖైస్ (ర.అన్హా) తనకు వచ్చిన సంబంధాల గురించి సలహా అడిగినప్పుడు దైవప్రవక్త (స) ఒకరు నిరుపేద అనీ, మరొకరు భుజం మీది కర్ర దించని మనిషి అనీ దాపరికం లేకుండా చెప్పారు. ఆ ఇద్దరూ ఆయన సహచరులే. అయినా ఒక స్త్రీ జీవితం ముందు మొహమాటానికి చోటు ఇవ్వలేదు.

పెళ్ళి తరువాతి దాపరికం ఇంకా బరువైనది. ఒక భర్త మిత్రునికి జామీను సంతకం చేస్తాడు. మిత్రుడు కట్టడు. ఆ వాయిదాకు ఫోను యాప్‌లో అప్పు చేస్తాడు, ఆ అప్పుకు చిట్టీ పాడుకుంటాడు. నగలు తాకట్టుకు పోయిన సంగతి భార్యకు తన చెల్లెలి పెళ్ళినాడు బీరువా తెరిచినప్పుడు తెలుస్తుంది. ఇది ఏ ఒక్కరి కథా కాదు. మన గల్లీలలో వింటూనే ఉన్నాము. నగలు ఆమె సొత్తు, ఆమె అనుమతి లేకుండా వాటిని ముట్టే హక్కు షరీఅత్ భర్తకు ఇవ్వలేదు. కానీ ఆమెను ఎక్కువ గాయపరచేది నగలు పోవడం కాదు. ఇన్ని నెలలుగా ప్రతి రాత్రి విన్న "అంతా బాగానే ఉంది" అన్న మాట.

ఇక్కడ కొందరు ఒక హదీసును అడ్డం పెట్టుకుంటారు. యుద్ధంలో, ఇద్దరి మధ్య సయోధ్యలో, భార్యాభర్తల మాటలలో సడలింపు ఉన్నదన్న ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉన్నమాట నిజమే. దానిని వివరిస్తూ ఇమామ్ నవవీ (మరణం 1277) ఏమన్నారో మాత్రం వారు చెప్పరు. ఆ సడలింపు ప్రేమను వ్యక్తం చేయడానికీ, మనసు సంతోషపెట్టే మాటలకూ సంబంధించినది. ఒకరి హక్కును ఎగవేయడానికి, తనది కానిది తీసుకోవడానికి చేసే మోసం నిషిద్ధమనడంలో ఉలమాలందరిదీ ఒకే మాట. వంటలో ఉప్పు తగ్గినా బాగున్నదనండి. తాకట్టు రసీదును జేబులో దాచకండి.

"చెబితే భయపడుతుంది" అంటారు. హిరా గుహలో తొలి వహీ అవతరించిన తరువాత దైవప్రవక్త (స) వణకుతూ ఎవరి దగ్గరకు వచ్చారు? హజ్రత్ ఖదీజా (ర.అన్హా) దగ్గరకు. దుప్పటి కప్పమన్నారు, జరిగినదంతా చెప్పారు, తన ప్రాణం గురించి కలిగిన భయాన్ని కూడా చెప్పారు. మానవులలో శ్రేష్ఠుడు తన భయాన్ని భార్య ముందు దాచలేదు. మనకేమి పౌరుషం మిగిలింది దాచుకోవడానికి?

ఆమె ఎలా విన్నారో కూడా చూడండి. నిలదీయలేదు. అల్లాహ్ మిమ్మల్ని అవమానపరచడనీ, మీరు బంధుత్వాన్ని నిలుపుతారనీ, బలహీనుల భారం మోస్తారనీ, అతిథులను ఆదరిస్తారనీ ఆయన మంచినే ఆయనకు గుర్తుచేశారు. తరువాత విషయం తెలిసిన వరఖా వద్దకు వెంట తీసుకొని వెళ్ళారు. నిజం చెప్పినవారిని కేకలతో ఎదుర్కొని, ఆ రాత్రే పుట్టింటికీ అత్తింటికీ ఫోను చేస్తే, మరుసటిసారి ఆ నోరు తెరుచుకోదు. ఖుర్ఆన్ (2:187) దంపతులను ఒకరికొకరు వస్త్రమన్నది. వస్త్రానికి ఒంటిమీది మచ్చ తెలుసు, లోకానికి చూపదు.

భార్య దాచుకొనే సంగతులూ ఉన్నవి. అయితే హింద్ బిన్త్ ఉత్బా (ర.అన్హా) భర్త ఖర్చుకు సరిపడా ఇవ్వడని ఫిర్యాదు చేసినప్పుడు, తనకూ పిల్లలకూ న్యాయంగా సరిపడేంత ఆయన సొమ్ములో తీసుకోవడానికి దైవప్రవక్త (స) అనుమతించారు. కాబట్టి పోపు డబ్బాలో నోట్లు దొరికినవని నిందించే భర్త, ముందు తాను నెలకెంత ఇస్తున్నాడో లెక్క చూసుకోవాలి.

చివరిగా మహర్ విషయం. దానిని నికాహ్‌నాడు సాక్షుల ఎదుట ఒప్పుకున్నాము, సియాహానామాలో వ్రాయించాము, తరువాత మరచాము. ఎన్నో ఇండ్లలో ఆ మాట మళ్ళీ వినబడేది జనాజా లేచే ముందే. ఏడుస్తున్న వితంతువు చుట్టూ చేరి "మహర్ మాఫ్ చేశానని చెప్పు" అంటారు. భార్య తనంత తాను సంతోషంగా విడిచిపెట్టినదే భర్తకు ధర్మసమ్మతమని నిసా సూరా నాలుగవ ఆయతు తెలుపుతున్నది. శవం పక్కన పిండుకొన్న మాటలో సంతోషం ఎక్కడున్నది? అది అప్పు. వారసుల వాటాలకు ముందే తీర్చవలసిన అప్పు.

నమాజు ముగించుకొని ఇంటికి వెళ్ళాక ఆ సియాహానామాను బయటకు తీయండి. ఎంత వ్రాశారో, ఎంత ఇచ్చారో, ఎంత బాకీ ఉన్నదో ఆమె ఎదుటే చూడండి. ఒకేసారి ఇవ్వలేకపోతే ఆ సంగతి ఆమెకే చెప్పి, నెలకు ఎంత ఇవ్వగలరో ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి.

యా అల్లాహ్! ఈ రాత్రి తన ఇంట నిజం చెప్పవలసినవారికి ధైర్యాన్నీ, వినవలసినవారికి మెత్తని మనసునూ ప్రసాదించు. ఆమీన్.