నాలుగు మూలల నడుమ ఒక విలువ



బిలాస్‌పూరు రైల్వే పట్టణము. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండియు ఉద్యోగరీత్యా వచ్చిన తెలుగు కుటుంబము లనేకము లిచ్చట స్థిరపడినవి. 2003వ సంవత్సరమున ఇది ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కార్యాలయ స్థానమైనది. పట్టణము మీదుగా పారు అర్పానది శివనాథ్‌లోను, శివనాథ్ మహానదిలోను కలియుచున్నవి. వానకాలమున లైనుమీద పనిచేయు ఉద్యోగికి ఒక ప్రశ్న తరచు ఎదురగును: ఫలానా వాగు వంతెన వద్ద నిన్న ఎంత వాన కురిసినది? అచ్చట వర్షమాపకము లేదు. ఉన్నవి దూరదూరముగా ఉన్నవి. కొలత లేనిచోటి విలువను, దాని చుట్టునున్న కొలతలనుబట్టి లెక్కించుటకు అంతర్వేశనమని పేరు.

పేరు కొత్తదిగా తోచినను పని పాతది. ఇది త్రైరాశికమునకు మరొక రూపము. 499వ సంవత్సరమున వెలసిన ఆర్యభటీయములో ఇరువదినాలుగు జ్యాఖండములు కలవు. ఒక్కొక్క మెట్టు 225 కలలు. రెండు మెట్ల నడుమనున్న కోణమునకు జ్య కావలసినచో, ఆ మెట్టులో ఎన్నవ వంతు గడచినదో చూచి, తేడాలో అన్నవ వంతును కలుపుట మార్గము. బ్రహ్మగుప్తుడు 665వ సంవత్సరమున ఖండఖాద్యకములో ఇంకొక అడుగు ముందుకు వేసెను. తేడాలు సైతము మెట్టుమెట్టునకు మారుచున్నవి గావున ఆ మార్పునుగూడ లెక్కలోనికి తీసికొను సూత్రమును చెప్పెను. కళాశాల విద్యార్థులు లాగరిథము పట్టికల అంచున చూచు సగటు తేడాల గడులును ఈ వంశములోనివే.

అయితే అవి అన్నియు ఒకే దారి వెంట నడచునవి. నేలకు రెండు దిక్కులు కలవు: ఉత్తర దక్షిణములు ఒకటి, తూర్పు పడమరలు రెండవది. భారత వాతావరణ శాఖవారు 1901 మొదలుకొని దినసరి వర్షపాతమును అక్షాంశ రేఖాంశములలో పావు డిగ్రీకి ఒక బిందువు చొప్పున గళ్ళపటముగా సమకూర్చిరి. ఇందులో తూర్పు పడమరలుగా 135, ఉత్తర దక్షిణములుగా 129 బిందువులు కలవు. బిలాస్‌పూరు ఇంచుమించు 22.09 ఉత్తర అక్షాంశము, 82.15 తూర్పు రేఖాంశము వద్ద నున్నది. కావున అది 22.00, 22.25 అక్షాంశములకును, 82.00, 82.25 రేఖాంశములకును నడుమ గడిలో పడును. ఆ గడి నాలుగు మూలలయందు విలువలు కలవు, ఊరియందు లేదు.

ఒక ఊహాత్మకమైన దినమును తీసికొందురు గాక. నైరుతి మూల 20, ఆగ్నేయ మూల 30, వాయవ్య మూల 40, ఈశాన్య మూల 60 మిల్లీమీటర్ల వాన అనుకొనవలెను. పడమటి అంచునుండి ఊరికి గల దూరము గడి వెడల్పులో 0.6 వంతు, దక్షిణపు అంచునుండి గల దూరము గడి ఎత్తులో 0.36 వంతు. మొదట దక్షిణపు అంచు వెంట త్రైరాశికము: 20కి 10లో 0.6 వంతు చేర్చగా 26. ఉత్తరపు అంచు వెంట: 40కి 20లో 0.6 వంతు చేర్చగా 52. పిదప ఈ రెంటి నడుమ నిలువుగా: 26కి 26లో 0.36 వంతు చేర్చగా 35.36. ముందు నిలువుగా, పిదప అడ్డముగా చేసినను ఫలితము 35.36 మాత్రమే. ఏ అంచు ముందన్న తగవు లేదు. దీనినే ద్విరేఖీయ అంతర్వేశన మందురు.

ఇదే లెక్కను నాలుగు మూలల వాటాలుగా చూడవచ్చును. నైరుతికి 0.256, ఆగ్నేయమునకు 0.384, వాయవ్యమునకు 0.144, ఈశాన్యమునకు 0.216. కూడిన సరిగా ఒకటి. ఊరు ఆగ్నేయ మూలకు దగ్గర గనుక దాని వాటా అధికము. ఈ లెక్క గీయు తల మెట్టిదో తెలియగోరినచో నవారు మంచమును తలచుకొనవలెను. ఒక కోడు ఎత్తుగా నున్నచో మంచము మెలిపడును. అయినను బిగించిన ప్రతి నవారు పట్టెయు తిన్నగానే యుండును. మూలనుండి మూలకు ఏటవాలుగా చూచినపుడే వంపు కానవచ్చును.

ఈ పద్ధతిలో ఒక గుణము కలదు, దోషమును అదియే. వచ్చిన విలువ నాలుగు మూలలలోని మిక్కిలి పెద్దదానికి మించదు, మిక్కిలి చిన్నదానికి తగ్గదు. నాలుగు మూలల 30 ఉన్నచో గడి అంతటను 30 అనియే చెప్పును. ఈ గడి ఇరువైపుల సుమారు 26, 28 కిలోమీటర్లు; వైశాల్యము ఏడువందల చదరపు కిలోమీటర్లకు పైమాట. దాని నడుమ ఒక కుంభవృష్టి కురిసి 120 మిల్లీమీటర్లు పడినను మూలలు ఎరుగవు, లెక్క ఎరుగదు. పైగా గళ్ళపటములోని మూలల విలువలు సైతము నేరుగా కొలిచినవి కావు. సమీప వర్షమాపకములనుండి లెక్కించినవి. కావున ఊరికి వచ్చిన 35.36 అంచనామీద అంచనా. అందలి దశాంశములు లెక్కకు చెందినవి, వానకు చెందినవి కావు.

రైల్వేవారికి ఇది కేవలము గణిత చర్చ కాదు. 2005 అక్టోబరు 29వ తేదీన నాటి నల్లగొండ జిల్లా వలిగొండ వద్ద, భారీ వర్షములకు చెరువు తెగి, ఆ వెల్లువలో చిన్న వంతెన కొట్టుకొనిపోగా, డెల్టా పాసింజరు పట్టాలు తప్పి నూరుమందికి పైగా మరణించిరి. ఆ ఘోరమునకు అంతర్వేశనము కారణమని దీని భావము కాదు. అయితే పెద్ద నదులవలెనే చిన్న వాగులును ప్రాణములు తీయుననియు, చిన్న వాగును పొంగించునది గడి అంతటి సగటు కాక ఆ వాగు పైభాగమున కొద్దిగంటలలో పడిన వాన అనియు అది నేర్పుచున్నది. వంతెనల రూపకల్పనకై కేంద్ర జలసంఘము, రైల్వే పరిశోధనా సంస్థ, వాతావరణ శాఖ మున్నగునవి కలిసి వెలువరించిన వరద అంచనా నివేదికలలో 50 సంవత్సరములకు, 100 సంవత్సరములకు ఒకసారి రాదగు వానను సమవర్షరేఖలతో చూపిరి. రెండు రేఖల నడుమ వంతెన పడినపుడు ఇంజనీరు చేయునదియు అంతర్వేశనమే. కాని ఆ రేఖలు గరిష్ఠ వర్షములకై గీసినవి. ఒకనాటి గళ్ళపటమునుండి తీసిన సగటు విలువను వాటి స్థానమున ఉంచరాదు.

అంతర్వేశనము అసలే చెల్లని పట్టికలును కలవు. రైల్వే ఛార్జీల పట్టిక చూడుడు. కొంత దూరమువరకు ఒకే ఛార్జీ. ఆ హద్దు దాటగానే ఒక్కసారిగా పై మెట్టు. రెండు మెట్ల నడుమ వంతు లెక్కించి టికెట్టు అమ్మువాడు లేడు. విలువ వాలుగా సాగునా, మెట్లుగా సాగునా అని ముందు విచారింపవలెను. ఉష్ణోగ్రత, గాలి ఒత్తిడి వంటివి మైదానమున తరచు వాలుగా సాగును, కొండలున్నచోట ఎత్తునుగూడ లెక్కింపవలెను. వాన, విశేషించి ఉరుములతో కూడిన వాన, ఒక్కొక్కప్పుడు ఒక వీధిని తడిపి మరొక వీధిని ఎండగానే విడుచును.

కాబట్టి రిజిష్టరు వ్రాయువారికి ఒక చిన్న నియమము మేలు చేయును. కొలిచిన అంకెను కొలిచినదిగాను, లెక్కించిన అంకెను లెక్కించినదిగాను వేరువేరుగా గుర్తు పెట్టవలెను. గుర్తు లేనిచో పదేండ్ల తరువాత ఆ రిజిష్టరు తెరచిన ఉద్యోగి రెండింటిని ఒకే నమ్మకముతో చదువును. ఆ నమ్మకము మీద గట్టు ఎత్తును, వంతెన కన్నును నిర్ణయించును. నాలుగు మూలలు చెప్పిన మాట విలువైనదే. ఏ గేజీ లేని చోట అంతకంటె మంచి మాట దొరకకపోవచ్చును. అయినను నడుమనున్న వాగు తన మాట తాను చెప్పుకొనుటకు, దాని ఒడ్డున ఒక వర్షమాపకమును పాతి, ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నరకు చదువు మనిషిని నియమించుట అన్ని సూత్రములకంటె ఉత్తమము.